పాత చీరల సంచులు, బొంతలు: అందరూ అడిగేవి, నేను చెప్పేవి

రోజూ వాట్సాప్‌లో ఇవే ప్రశ్నలు, ఒక్కొక్కళ్ళకీ విడిగా టైప్ చేసి చేసి బొటనవేళ్ళు లాగేస్తున్నాయి, అందుకని అన్నీ ఒకచోట రాసి పడేస్తున్నా. మాది తెనాలి. పాత చీరలు, దర్జీ షాపుల్లో మిగిలే ముక్కలతో సంచులు, పర్సులు, బొంతలు కుడతాం. మేం అంటే నేను, ఇంకో ఇద్దరు. ఫ్యాక్టరీ అనుకుని ఫోన్ చేసేవాళ్ళకి ముందే చెప్తున్నా, మా ఫ్యాక్టరీ మా ఇంటి వసారా.

పాత చీరలేగా, ఊరికే వచ్చినవేగా, ఒక్క సంచి 380 రూపాయలా అక్కా?

ఇది రోజుకి నాలుగుసార్లు అడుగుతారు కాబట్టి మొదట ఇదే. లెక్క చెప్తా వినండి. చీర ఊరికే రాదు, సగటున 150 పడుతుంది, బాగున్న చోట్ల కోస్తే ఆరు సంచులొస్తాయి, అంటే సంచికి 25. లోపల లైనింగ్ కొత్త కాటనే వేస్తా, అది 45. జిప్పు, రన్నర్ 18. సంచి గట్టిగా నిలబడటానికి లోపల వేసే బకరం గుడ్డ 20. దారం, లేబులు, కరెంటు కలిపి 12. ప్యాకింగ్ 13. ఇప్పటిదాకా 133 అయింది, చూశారా, అందులో ఆ "పాత చీర" వాటా పాతిక రూపాయలే. ఇక పని. చీర ఉతికి, ఆరేసి, వెలుతురుకి పట్టి చిరుగులు వెతికి, ఇస్త్రీ చేసి, కోయడానికి మూడు గంటలు, ఆరు సంచుల మీద పంచితే అరగంట చొప్పున. కుట్టడానికి గంటంబావు. గంటకి 90 చొప్పున 157. మొత్తం 290. మిగిలిన 90లో పాడైపోయిన ముక్కలు, మిషన్ రిపేరు, స్టాల్ అద్దె, అవన్నీ పోగా నా లాభం.

కొత్త తానులోంచి కోస్తే ఆ అరగంట పని పది నిమిషాల్లో అయిపోద్ది. పాత బట్టతో చేస్తే ఖర్చు తగ్గుద్ది అనేది పైనుంచి చూసేవాళ్ళ మాట, లోపల కూర్చుంటే తెలుస్తుంది పాతదానికే పని ఎక్కువని. మా నాయనమ్మ ఏడాదికో బొంత కుట్టేది, దానికి రేటు లేదు, ఎందుకంటే ఆవిడ గంటలకి ఎవరూ రేటు కట్టలేదు. నేను కడుతున్నా, అంతే తేడా.

చీరలు ఎక్కడ దొరుకుతాయి? మాక్కూడా చెప్తారా?

దాచేదేం లేదు. పాత బట్టలకి స్టీలు సామాన్లు ఇచ్చే ఆవిడలు వస్తారు కదా వీధిలోకి, వాళ్ళతో మాట్లాడుకోండి. బాగున్నవి వాళ్ళు వేరే అమ్ముకుంటారు, ఒకచోట చిరిగి మిగతాదంతా గట్టిగా ఉన్న చీరలు వాళ్ళకి గిట్టవు, మనకి కావాల్సింది అవే. బేరం మామూలుగా ఉండదు, ఒక గిన్నె కోసం మా అమ్మతో అరగంట వాదించినవాళ్ళు, మనల్ని వదుల్తారా.

రెండోది దర్జీ షాపులు. జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కలు గోనెసంచుల్లో ఉంటాయి. మొదట్లో నేనెళ్ళి అడిగితే "ఊడ్చి పారేసేవే, తీసుకెళ్ళమ్మా" అన్నారు. ఆర్నెల్ల తర్వాత నా సంచులు ఎవరి చేతుల్లోనో చూసి కేజీకి ఇంత అని మొదలెట్టారు. కోపం రాలేదనను గానీ, వాళ్ళ తప్పేం లేదు, మనం విలువ ఉందని చూపించాక అది చెత్త ఎందుకవుద్ది. ఇప్పుడు డబ్బిచ్చే తెచ్చుకుంటున్నా, బదులుగా రంగుల వారీగా వేరు చేసి పెడుతున్నారు, నాకు అదే లాభం.

ఏ చీర పనికొస్తుందో ఎలా తెలుస్తుంది?

ముందు బట్టేంటో చూడాలి. అంచు నుంచి రెండు పోగులు లాగి పళ్ళెంలో పెట్టి అంటించండి, బట్ట దగ్గర కాదు. కాయితం కాలిన వాసనొచ్చి మెత్తటి బూడిద రాలితే కాటన్. వెంట్రుక కాలిన వాసనొస్తే పట్టు. కరిగి ముడుచుకుని గట్టి పూసలాగా అయితే పాలిస్టర్. రెండూ కలిపి నేసినవి మధ్యస్తంగా కాల్తాయి, నాలుగైదుసార్లు చేస్తే అలవాటవుతుంది. పాలిస్టర్ చీరలు సంచులకి బాగానే పనికొస్తాయి, చిరగవు, రంగు పోదు. బొంతకి మాత్రం వద్దు, చెమట పీల్చదు.

తర్వాత అరుగుదల. చీర అంతా ఒకేలా అరగదు. కింద ఫాల్ దగ్గర నేలకి రాసుకుని పోతుంది. భుజం మీద పిన్నీసు పెట్టే చోట చిన్న చిన్న కన్నాలుంటాయి. కూర్చునే చోట పల్చబడుద్ది. కానీ నడుం దగ్గర మొదట దోపుకునే లోపలి కొస ఉంటుంది చూడండి, దానికి ఎండ తగలదు, ఇరవై ఏళ్ళ చీరైనా అక్కడ రంగు కొత్తదానిలా ఉంటుంది. నేను పర్సులన్నీ ఆ ముక్కతోనే చేస్తా. ఐదున్నర మీటర్ల చీరలో నాకు నమ్మకంగా దొరికేది రెండున్నర, మూడు మీటర్లు.

పట్టుతో జాగ్రత్త. బీరువాలో ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉన్న పట్టుచీర మడతల దగ్గర చీలిపోతుంది, చూడ్డానికి మెరుస్తూనే ఉంటుంది, రెండు చేతులతో మెల్లగా లాగితే కాయితంలాగా విడిపోతుంది. అలాంటిదానికి వెనక పల్చటి కాటన్ వేసి కలిపి కుట్టాలి, లేదా గోడకి ఫ్రేమ్ కట్టించుకోవాలి, సంచి మాత్రం చెయ్యొద్దు. ఇంకో మాట, పాత వెండి జరీ చీరలైతే తొందరపడి కోయకండి. పాత జరీ చీరలు కొంటాం అంటూ తిరిగేవాళ్ళు వాటిని కాల్చి వెండి తీస్తారు, కాబట్టి మీ అమ్మమ్మ చీరకి మీరనుకున్న దానికంటే ఎక్కువ వెల ఉండొచ్చు. ముందు తెలుసుకుని తర్వాత కత్తెర పట్టండి.

బీరువా వాసన, కలరా ఉండల వాసన పోవట్లేదు, ఏం చెయ్యాలి?

రెండు మూడు రోజులు గాలికి ఆరేయండి, ముదురు రంగులైతే నీడన. తర్వాత ఉతకండి. సెంటు కొట్టి కప్పిపెట్టకండి, రెండు వాసనలు కలిసి ఇంకా ఘోరంగా ఉంటుంది. గంజి పెట్టిన చీరలైతే గంజి పూర్తిగా పోయేదాకా జాడించాకే దాచండి, ఆ గంజి కోసమే వెండిపురుగులు చేరతాయి.

ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు పోదంటారు, నిజమేనా?

నేనూ చాలాకాలం నానబెట్టా. చాలా రంగులకి అది పనిచెయ్యదు. తడిపిన తెల్లగుడ్డతో చీర మీద గట్టిగా రుద్దండి, గుడ్డకి రంగంటితే దాన్ని లేత రంగు పక్కన పెట్టి కుట్టొద్దు, అంతకుమించి చిట్కా లేదు. ఒకసారి ఎర్ర జాకెట్ గుడ్డ తెల్ల కాటన్ పక్కన వేసి పన్నెండు సంచులు కుట్టా. కొన్నావిడ ఉతికి ఫొటో పెట్టింది, మొత్తం గులాబీ రంగు. పన్నెండూ వెనక్కి తీసుకున్నా. అవి ఇప్పటికీ మా ఇంట్లో కూరగాయల సంచులే.

ఏ మిషన్ కొనాలి?

ఇంట్లో ఉన్నదానితోనే మొదలెట్టండి. మామూలు తొక్కుడు మిషన్‌కి మోటారు బిగిస్తే చాలు. మిషన్ కంటే సూది ముఖ్యం, పల్చటి కాటన్‌కి 11, మామూలు సంచికి 14, జీన్స్‌కి 16 లేదా 18. ఒకే సూదితో నెలల తరబడి లాగితే కుట్లు వదిలేస్తుంది, మనమేమో మిషన్‌ని తిట్టుకుంటాం.

మా అమ్మ చీరలు ఉన్నాయి, వాటితో బొంత కుడతారా?

కుడతాం. మాకొచ్చే ఆర్డర్లలో సగం ఇవే, ఎక్కువగా పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్న ఇళ్ళ నుంచి. ఈ ఒక్కదానికి కాస్త పెద్దగా రాస్తా, ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే డబ్బు వెనక్కిచ్చినా సరిపోదు.

ఐదారు కాటన్ చీరలు కావాలి. పైన కనపడే వైపు ముక్కలు కలిపి ఒక పొర, మధ్యలో బాగా అరిగి మెత్తబడినవి రెండు మూడు పొరలు, కింద ఒక మంచి చీర. మేడ మీద పరిచి నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, మడత లేకుండా సర్ది, ముందు పెద్ద పెద్ద టాకాలు వేసుకుంటాం. తర్వాత అంచు నుంచి లోపలికి చుట్టూ తిరుగుతూ చేత్తో వరస కుట్లు. మిషన్ మీద కుట్టమంటే కుట్టగలం గానీ, చేతికుట్టులో ఉండే ఆ ముడతల మెత్తదనం రాదు. మధ్యాహ్నాలు ఇద్దరం కూర్చుంటే ఎనిమిది, పది రోజులు పడుతుంది. బరువు రెండు రెండున్నర కేజీలు వస్తుంది, విమానంలో తీసుకెళ్ళేవాళ్ళు ముందే లెక్క వేసుకోండి, పచ్చళ్ళ డబ్బాల పక్కన దీనికీ చోటు కావాలి.

ఇది మన దగ్గరే ఉన్న పనీ కాదు. మరాఠీవాళ్ళు గోధడి అంటారు, బెంగాల్‌లో కాంతా, ఉత్తర కర్ణాటక అడవుల వైపు ఉండే సిద్దీ ఆడవాళ్ళు కుట్టేది కవంది. జపాన్‌లో అతుకు మీద అతుకు వేసి తరాలు వాడిన బట్టని బోరో అంటారు, వాటిని ఇప్పుడు మ్యూజియాల్లో పెడుతున్నారు. మన బొంతని మాత్రం ఇంకా మంచం కిందే పెడుతున్నాం.

ఇక కత్తెర సంగతి. కోయబోయే ముందు ప్రతి చీరా పరిచి ఫొటో తీసి పంపుతా, "ఇది కోయొచ్చా" అని ఒక్కోదానికీ విడిగా అడుగుతా, మీరు అవునని టైప్ చేస్తేనే కోస్తా. మొదట్లో ఇలా చేసేదాన్ని కాదు. ఒకామె ఏడు చీరలు పంపి ఆరింటితో కుట్టమంది, ఏడోది పొరపాటున మూటలో వచ్చిందంట, వాళ్ళమ్మ పెళ్ళిచీర. నేను దాని కొంగు కోసేశా. ఫోన్‌లో ఆవిడ తిట్టలేదు, కాసేపు ఏం మాట్లాడలేదు, అది తిట్టిన దానికంటే ఎక్కువైంది నాకు. ఆ కొంగుని బొంత మధ్యలో చుట్టూ అంచు కట్టి వేసి పంపా, డబ్బు తీసుకోలేదు. అప్పటినుంచి ఫొటో లేకుండా కత్తెర ముట్టుకోను, కాబట్టి రాత్రి పదింటికి ఏడు ఫొటోలు వస్తే విసుక్కోకండి.

అన్నట్టు ఉతికి పంపాలా అని అడుగుతారు. అమ్మ లేనివాళ్ళు కొందరు ఉతక్కుండా పంపిస్తారు, ఎందుకో నాకు చెప్పక్కర్లేదు. కానీ మేం ఉతక్కుండా కుట్టలేం, అందుకే ఆ వాసన కావాలనుకుంటే ఒక చీర మీ దగ్గరే ఉంచుకోండి.

చనిపోయినవాళ్ళ బట్టలు, వాడిన బట్టలు కదా, మైల అనుకోరా? తాంబూలం సంచులకి ఇస్తే ఎవరైనా ఏమైనా అంటారేమో?

అంటారు. ఒక పెళ్ళికి 200 సంచుల ఆర్డరు చివరి నిమిషంలో పోయింది నాకు, పాత చీరలని పెళ్ళికొడుకు మేనత్తగారికి తెలిసిందంట. వాదించి ప్రయోజనం లేదు, వాళ్ళ శుభకార్యం వాళ్ళిష్టం. అందుకని తాంబూలం సంచులకీ, పూజ సామాను బట్టలకీ దర్జీ షాపు ముక్కలు మాత్రమే వాడతా, అవి ఎవరూ కట్టుకోనివి. లేదంటే ఆ ఇంటివాళ్ళ చీరలే వాళ్ళకి కుట్టిస్తా, అమ్మమ్మ చీరతో మనవరాలి పెళ్ళికి సంచులంటే అదే మేనత్తగార్లు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. ఏది దేనితో చేసిందో లేబుల్ మీద రాస్తా. "కట్టిన చీర" అని రాయడానికి సిగ్గుపడి దాచిపెడితే ఎప్పుడో ఒకప్పుడు బయటపడుద్ది, అప్పుడు పోయేది ఒక ఆర్డరు కాదు.

న్యూస్‌పేపర్ కవర్లు, సీసాల మీద పెయింటింగ్, ఇనుము సామానుతో బొమ్మలు కూడా చేస్తారా?

చెయ్యం, అన్నీ మొదలెడితే ఏదీ తెమలదు. పేపర్ కవర్లు చేసేవాళ్ళకి ఒక్క మాట, బజ్జీల బండికీ స్వీట్ షాపుకీ అమ్మకండి. అచ్చు సిరాలో సీసం లాంటివి ఉంటాయి, వేడి నూనె తగిలితే తిండికి అంటుకుంటాయి, న్యూస్‌పేపర్లో తినేవి చుట్టొద్దని తిండి భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్తూనే ఉంది. మందుల షాపులు, ఫ్యాన్సీ షాపులు, గాజుల కొట్లు అడగండి. 120 మైక్రాన్ల కంటే పల్చటి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు 2022 డిసెంబర్ 31 నుంచి నిషేధం కాబట్టి ఆ షాపులవాళ్ళు వినే మూడ్‌లోనే ఉంటారు. అమలు ఎంత అంటే, కూరగాయల మార్కెట్‌కి వెళ్ళి చూసుకోండి.

ఇనుముదైతే మా ఊరివాళ్ళని మించినవాళ్ళు లేరు. పాత బండ్ల నట్లు, బోల్టులు, చైన్లు, గేర్లు వెల్డింగ్ చేసి మనిషిని మించిన విగ్రహాలు చేస్తారు, 2021లో ప్రధాని మోడీ విగ్రహం 14 అడుగులది అలాగే తుక్కుతో చేశారు. చెత్తతో చేసింది ఎవరు కొంటారు అని ఎవరైనా అంటే నేను ఆ విగ్రహం చూపిస్తా.

జీఎస్టీ, లైసెన్సులు కావాలా?

నేను ఆడిటర్‌ని కాదు, నాకు తెలిసింది చెప్తా. వస్తువులు అమ్మేవాళ్ళకి ఆంధ్రాలో ఏడాది టర్నోవర్ 40 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్, తెలంగాణలో ఆ గీత 20 లక్షల దగ్గరే ఉంది, హైదరాబాద్ వాళ్ళు గమనించుకోండి. వేరే రాష్ట్రానికి అమ్మితే మామూలుగా టర్నోవర్‌తో పనిలేకుండా రిజిస్ట్రేషన్ అడుగుతారు, అయితే ప్రభుత్వం లిస్టులో పెట్టిన హస్తకళల వస్తువులకి మినహాయింపు ఉంది, మీ వస్తువు అందులోకి వస్తుందో రాదో ఆడిటర్‌తో చూపించుకోండి, ఆ ఫీజు దండగ కాదు. పెద్ద ఆన్‌లైన్ సైట్లలో కూడా 2023 అక్టోబర్ 1 నుంచి జీఎస్టీ లేని చిన్నవాళ్ళు సొంత రాష్ట్రం లోపల అమ్ముకోవచ్చు, దానికో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకోవాలి.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే గుర్తింపు, అది మాత్రం చేసుకోండి, ఆధార్, పాన్ ఉంటే ఫోన్‌లోనే అయిపోద్ది, పైసా ఖర్చు లేదు. ఒకాయన నా దగ్గర 1500 తీసుకున్నాడు "ఫీజు" అని. ఫీజే లేదని తర్వాత తెలిసింది.

లోన్ వస్తుందా?

చిన్న వ్యాపారాలకి కేంద్రం పెట్టిన ముద్ర లోన్ పథకంలో శిశు అనే దానికింద 50 వేల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. పీఎం విశ్వకర్మ అని 2023 సెప్టెంబర్ 17న మొదలైంది, 18 చేతివృత్తుల్లో దర్జీ పని కూడా ఉంది, 15 వేల విలువ పనిముట్ల వోచరు, మొదట లక్ష తర్వాత రెండు లక్షలు 5 శాతం వడ్డీకి. ఇంటికి ఒక్కరికే. డ్వాక్రా గ్రూపులో ఉన్నవాళ్ళయితే ముందు గ్రూపులోనే అడగండి, బ్యాంకు చుట్టూ తిరిగేకంటే అదే త్వరగా తేలుద్ది.

నన్నడిగితే మొదటి యాభై సంచులు అమ్ముడుపోయేదాకా అప్పు జోలికి వెళ్ళొద్దు.

ఎక్కడ అమ్మాలి? రీల్స్ పెడితే ఆర్డర్లు వస్తాయా?

రీల్స్‌కి లైకులొస్తాయి, ఆర్డర్లు వాట్సాప్ స్టేటస్‌కి వస్తాయి. నా లెక్క ఇదే, ఎవరిది వాళ్ళకి వేరేగా ఉండొచ్చు. రీల్ చూసేవాళ్ళు "వావ్" అంటారు, స్టేటస్ చూసేవాళ్ళకి మనం తెలుసు, "పిన్నీ, నాకు రెండు పక్కన పెట్టు" అంటారు. రీల్స్‌లో బాగా తిరిగేది ఏంటంటే ఉతకడం, కోయడం, పాత చీర పక్కన కొత్త సంచి. ఊరికే సంచి చుట్టూ తిప్పి పాట వేస్తే ఎవరూ ఆగరు.

స్టాల్ అయితే అపార్ట్‌మెంట్ల దగ్గర సంక్రాంతి ముందు, శ్రావణమాసం ముందు పెట్టండి. వరలక్ష్మీ వ్రతానికి వాయనం సంచులు వేలం వెర్రిగా పోతాయి. పంచాంగం చూడకుండా ఈ వ్యాపారం చెయ్యలేం, ఆషాఢం, మూఢం వస్తే పెళ్ళిళ్ళుండవు, తాంబూలం సంచులు అడిగే దిక్కుండదు, ఆ నెలల్లో బొంతలు కుట్టుకుంటాం, స్టాకు పెంచుకుంటాం. మొదటి ఏడాది ఆషాఢంలో వ్యాపారం మూతబడిందనుకుని ఏడ్చా.

క్యాష్ ఆన్ డెలివరీ ఉందా?

లేదు. పెట్టి చూశా, తలుపు తియ్యనివాళ్ళ దగ్గర్నుంచి తిరిగొచ్చిన పార్శిళ్ళకి రెండువైపులా చార్జీ నేనే కట్టా. సంచులకి మొత్తం ముందే, బొంతకి సగం అడ్వాన్సు, మిగతాది పూర్తయిన ఫొటో చూశాక. వానాకాలంలో ఒక పార్శిల్ నీళ్ళు కారుతూ చేరింది, కొరియర్ వాళ్ళు మాకు సంబంధం లేదన్నారు. అప్పట్నుంచి చీరల షాపు వాళ్ళిచ్చే పాత ప్లాస్టిక్ కవర్లు దాచి లోపల అవే చుడుతున్నా. ప్లాస్టిక్ వాడుతున్నారేంటి అని అడిగారు ఒకరు. అది కూడా పాతదేనండీ.

నా డిజైన్ చూసి పక్కవీధి ఆవిడ కుట్టేస్తోంది, ఏం చెయ్యను?

సంచి డిజైన్ మీదీ కాదు నాదీ కాదు. మీ మూట ఇంకొకళ్ళకి రాదు, అందులో ఏ చీర ఏ ముక్క పక్కన పెట్టాలో మీ కళ్ళకే తెలుసు. అది పక్కన పెడితే, ముక్కల మీద "పోచంపల్లి సంచి", "మంగళగిరి సంచి" అని పేర్లు పెట్టేసేవాళ్ళకి ఓ మాట, అవి జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి సరుకుకే చెందేలా ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు ఉన్న పేర్లు, ప్రింటు గుడ్డ మీద తగిలించకండి. మగ్గం గుడ్డే అని రూఢిగా తెలిస్తేనే చెప్పండి.

దీనిమీద బతకొచ్చా?

మా ఇల్లు నా ఒక్కదాని మీద నడవదు, నిజం చెప్తున్నా. పిల్లల ఫీజులు, గ్యాసు, నా సొంత ఖర్చులు వస్తాయి, పెళ్ళిళ్ళ సీజన్లో బాగా వస్తుంది. నాతో చేసే ఇద్దరికీ ముందు ఇచ్చేస్తా, నాది చివర. కొన్ని నెలలు చివర్లో ఏమీ ఉండదు.

నేర్పిస్తారా?

ఆదివారం మధ్యాహ్నం వస్తే కూర్చోబెట్టి చూపిస్తా, ఫీజేం లేదు. కానీ మొదటిరోజు సూది ఇవ్వను, చీరల మూట ఇచ్చి ఏది కోయొచ్చో ఏరమంటా.

ఇంట్లో పడున్న చీరలు మీకు పంపొచ్చా?

పంపండి, ముందు ఫొటో పెట్టి. తడిసి బూజు పట్టినవి, నూనె మరకలవి వద్దు. పంపేముందు రెండు పనులు చెయ్యండి. పిన్నీసులు అన్నీ తీసేయండి, ఫాల్ లోపల ఇరుక్కున్న ఒక పిన్నీసు మీద కుట్టు పడి సూది విరిగి నా వేలికి గుచ్చుకుంది. రెండోది, కొంగు ముడులు విప్పి చూసుకోండి. ఒక పెద్దావిడ చీర కొంగులో రెండు పది రూపాయల నోట్లు, ఒక బీరువా తాళం చెవి దొరికాయి, ఫోన్ చేస్తే వాళ్ళబ్బాయి ఆ బీరువా అప్పటికే పగలగొట్టించాం అన్నాడు.